గండిలో డీలక్స్ దారి

ఇప్పుడు రాయబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. పెదకాకాని గుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి మరీ చెబుతున్నాను. ఇదివరకు నా నోటి నుంచి వచ్చిన కథల్లో కొన్ని చేతికందకుండా పెరిగిపోయిన మాట వాస్తవమే. మిరపకాయల బస్తాలో, అదే మా టిక్కీలో, దూరిన నాగుపాము ఘాటుకి తుమ్మి తుమ్మి, పడగ విప్పలేక నాకు దండం పెట్టిందని చెప్పింది నేనే. బ్రాడీపేటలో పెట్రోలు అయిపోయిన నా స్కూటరు నాలుగు అడ్డరోడ్లు నా బతిమాలుడు మీదే నడిచిందని చెప్పిందీ నేనే. వాటి సంగతి వేరు. ఇది మా బావ ప్రాణం సంగతి. ఒక ఎండాకాలం సాయంత్రం అరగంటసేపు ఆయన బతుకుతాడో లేదో తెలియకుండా గడిపాం. అలాంటిదాంట్లో కల్తీ కలిపేంత నీచుణ్ణి కాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. టిక్కీ కోసి, లోపల్నుంచి గుప్పెడు కాయ లాగి, వెలుగులో చూసి, వాసన పట్టి, గ్రేడు చెప్పడం నా పని. తెల్లబారి, పుచ్చిపోయి, గింజ రాలేది తాలు. ఫరవాలేదనిపించేది మీడియం. నెత్తురు రంగులో మెరుస్తూ, విరిస్తే టప్పుమనేది డీలక్స్. పన్నెండేళ్లు ఇదే పని చేసేసరికి లోకంలో ఏది చూసినా నోట్లోంచి గ్రేడే వచ్చేది. మా ఆవిడ ఉప్మా మీడియం. మా ఓనరు దానగుణం తాలు. పెళ్లిచూపుల్లో ఒక పిల్లని డీలక్స్ అన్నందుకు మా పిన్ని నాతో ఏడాది మాట్లాడలేదు.

మే నెల ఎండలకి యార్డు మూసేస్తారు. ఆ సెలవల్లో మా అక్క వాళ్ల ఊరు పోయేవాణ్ణి. ప్రకాశం జిల్లా పడమటి వైపు. అక్కడిదాకా పత్తి చేలూ మిరప చేలూ పరుచుకున్న నల్లరేగడి ఉన్నట్టుండి ఆగిపోయి, నల్లమల మొదలవుతుంది. కొండల్లోంచి ఒక వాగు రాతిని నిలువునా చీల్చుకుని బయటికొచ్చి, కాస్త దిగువన గుండ్లకమ్మలో కలుస్తుంది. ఆ చీలికని గండి అంటారు. వేసవిలో పైన ఒక సన్నటి ధార, అక్కడక్కడా గుంటలు తప్ప నీళ్లుండవు.

ఆ యేడు మా అక్క కూతురు కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి దరఖాస్తు పెట్టింది. డిగ్రీ చదువుతోంది. రాతపరీక్ష భయం లేదు, ఒంగోలు గ్రౌండులో పెట్టే పరుగుతోనే చిక్కు. రోడ్డు మీద ఉరుకుదామంటే ట్రాక్టర్ల మీద పోయేవాళ్లు ఊరుకుంటారా? "పోలీసమ్మా! మమ్మల్ని పట్టుకోవూ!" అని ఒకడు, "ఇంకా లాఠీ ఇవ్వలేదా?" అని ఇంకొకడు. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేసింది. అప్పుడు నేను గండి చూపించాను. కోచ్‌గా నాకున్న అర్హత ఒక్కటే. బళ్లో డ్రిల్లు మాస్టారు నాకు స్టాప్‌వాచీ అరువిచ్చాడు.

గండి కింది చివర ఇసుక, పై చివర ఒక మడుగు. ఇసుక దగ్గర్నుంచి పై మడుగుకి మూడు దారులు. మొదటిది గండిలోకి దిగదు. కొండ భుజం మీదుగా చుట్టు తిరిగి పోతుంది. గొర్రెలూ, కట్టెల మోపులతో ముసలమ్మలూ నడిచే దారి. రెండోది గండి గోడకి సగం ఎత్తులో, రాతి అంచు వెంట. రెండు పాదాలు పక్కపక్కన పెట్టలేనంత సన్నం. అటు కలే పొదల ముళ్లు, ఇటు శూన్యం. మూడోది అట్టడుగు. రెండు గోడల నడుమ ఒక రాతిగుండు మీద నుంచి ఇంకో గుండు మీదికి దూకుతూ, నడుంలోతు గుంటల్లో దిగుతూ, మధ్యలో పాచి పట్టిన మనిషెత్తు రాతి అరుగుని ఎక్కుతూ పోవాలి. అందులో దిగితే కుడికీ ఎడమకీ తప్పుకునే చోటుండదు. ముందుకన్నా పోవాలి, వెనక్కన్నా రావాలి.

నా అలవాటు నన్ను ఊరుకోనివ్వదు కదా. గండి మొదట్లో ఒక నున్నటి రాయి మీద సున్నంతో మూడు బాణాలు గీసి, మూడు పేర్లు రాశాను. చుట్టుదారి తాలు. అంచుదారి మీడియం. అడుగుదారి డీలక్స్. మిరపకాయలు ఏరుతూ పెరిగిన పిల్ల, దానికి వివరించి చెప్పాల్సిన పని పడలేదు.

"మొదటి వారం తాలు మావయ్యా, రెండో వారం మీడియం. డీలక్స్ ఆఖర్న," అంది.

"డీలక్స్‌లో ఉరికిందానికి ఒంగోలు గ్రౌండు పరుపేసినట్టుంటుందే," అన్నాను.

మూడు వారాలయ్యేసరికి నా మేనకోడలు డీలక్స్‌లో ఎలా ఉరికేదంటే, ముందు అది పోయేది, కాసేపటికి దాని నీడ వచ్చేది, ఆ తర్వాత చప్పుడు వచ్చేది. ఒక ముసలి ఉడుము రోజూ బండమీదికొచ్చి కూర్చుని, అది పోయాక నా వైపు తిరిగి ఎంత టైమైందన్నట్టు చూసేది. కర్పూరం ఆర్పి చెప్పానని మర్చిపోకండి.

ఇక మా బావ. బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లుగా ఎర్రబస్సు తోలుతున్నాడు. మెత్తటి సీట్లు, కర్టెన్లు, పాటలు ఉండే డీలక్స్ బస్సు స్టీరింగు ఒక్కసారి పట్టుకోవాలని ఆయన కోరిక. డిపోలో ఎప్పుడడిగినా వచ్చే నెల చూద్దామనేవాళ్లు. చేను ఎప్పుడో కౌలుకిచ్చేశాడు గనక మిరపకాయతో ఆయన సంబంధం పచ్చడి దగ్గరే ఆగిపోయింది. మనిషి మంచివాడు, గొంతు పెద్దది, పొట్ట ఇంకా పెద్దది. ఈత రాదు. వాగు దాటాలంటే బస్సులోనే దాటాలనేవాడు.

కూతురు పోలీసవడం ఆయనకి ఇష్టం లేదు.

"ఆడపిల్ల రాళ్లల్లో ఉరకటవేంటే? కాలిరిగితే ఎవడు చేసుకుంటాడు?" అని అక్క మీద అరిచాడు.

"నన్నడుగుతావేం? నీ కూతుర్నడుగు," అంది అక్క.

"నాన్నా, ఒక్కసారి వచ్చి చూడు. చూసి వద్దంటే మానేస్తా," అంది పిల్ల.

"వస్తా. నా కళ్లతో చూసి చెప్తా. ఈ బామ్మర్ది గాడి మాటలు నేను నమ్మను."

సెలక్షన్స్ ఇంకో వారం ఉన్నాయనగా ఆయనకి డ్యూటీ లేని రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ముగ్గురం గండి దగ్గరికి పోయాం. పిల్ల ఆ రోజు మీడియం దారిలో ఉరికి పై మడుగు చేరుతుంది. బావ పైన నిలబడి అది రావడం చూడాలి, అదీ ఏర్పాటు. కానీ ఆయన ఇసుకలో చతికిలబడి బీడీ ముట్టించాడు.

"మీరు పదండ్రా. పొగ పీల్చుకుని వస్తా."

పిల్ల ఆగలేకపోయింది, ఉరికేసింది. నేను వాచీ నొక్కి తాలు దారిన పైకి బయల్దేరాను. మూడు దారుల పేర్లూ రాతి మీద ఉన్నాయి, చదువొచ్చిన మనిషి, ఇంకేం చెప్పాలనుకున్నాను.

మా బావ బీడీ పారేసి లేచి ఆ రాయి చదివాడు. తాలు అన్న మాట చూసి మొహం చిట్లించుకుని ఉంటాడు. మీడియం ఆయనకి ఎటూ కాని మాట. మూడోది డీలక్స్. ఇరవై ఏళ్లుగా డిపోలో అడుగుతున్న మాట. కూర్చుని పోయే దారి కాకపోయినా కనీసం చదునుగా ఉండే దారి అనుకున్నాడు. ప్యాంటు మడిచి గండి అడుగున దిగాడు.

నేను పైకి చేరేసరికి పిల్ల మడుగు ఒడ్డున మోకాళ్ల మీద చేతులానించి రొప్పుతోంది. నడుముకి కట్టుకున్న చున్నీ విప్పి బండ మీద పడేసింది.

"ఎంత?"

చెప్పాను. దాని మొహం వెలిగింది. "నాన్నేడి?"

"వస్తాడు, వస్తాడు."

అప్పుడు చూశాను కొండ వైపు. మా నెత్తిన ఎండ కాస్తోంది. కింద పత్తికి దున్నిన చేలన్నీ తెల్లగా మండుతున్నాయి. పడమటన కొండల మీద మాత్రం ఆకాశం వంటింటి మసిగుడ్డలా ఉంది. గాలి నిలిచిపోయింది. పొద్దుటి నుంచీ గోల పెడుతున్న పిట్టలు ఒక్కటీ కూయడం లేదు. తడిసిన మట్టి వాసన వచ్చింది. మా దగ్గర చినుకు లేదు. వాసన పైనుంచి, వాగు వచ్చే దారిలోంచి వచ్చింది.

పిల్ల మడుగులో వేలు ముంచి చూసింది. పైనుంచి మడుగులోకి జారే సన్నటి ధార రోజూ గాజులా ఉండేది. అది టీ రంగులోకి తిరిగింది.

"మావయ్యా, నీళ్లొస్తున్నాయి."

"ఎండాకాలం నీళ్లేంటే?"

"కొండ మీద కురిసింది. నాన్న ఏ దారిన వస్తున్నాడు?"

బరువైన మనిషి, మోకాళ్ల నొప్పులు. తాలు దారిన కాక ఇంకే దారిన వస్తాడు? పిల్ల ఆ వైపు ఉరికింది. మలుపు దాకా పోయి చూసి, ఇంకో మలుపు దాకా పోయి, ఉరుక్కుంటూ వెనక్కొచ్చింది.

"లేడు. అటు లేడు మావయ్యా!"

ధార అప్పటికి చెయ్యంత లావైంది. మడుగు అంచు మీద ఎండుటాకులూ పుల్లలూ నురగా చేరి తిరుగుతున్నాయి. మడుగు నిండి పొర్లితే ఆ నీళ్లన్నీ పోయేది ఒక్క చోటికే, గండి అడుగుకి.

అంతలో కింద గండిలోంచి గొంతు వినిపించింది. గోడలకి తగిలి నలుగురు మనుషుల గొంతులా వచ్చింది.

"ఒరేయ్ బామ్మర్దీ! ఇదేం డీలక్స్‌రా నీ మొహం! డీలక్స్ అని రాశావు కదరా!"

పిల్ల నా వైపు చూసింది. ఒక్క లిప్తపాటే. మడుగు అంచు దాటి గండి అడుగులోకి దూకింది.

"నువ్వు అంచు దారిన రా!" దూకుతూనే అరిచింది. "అరుగు దగ్గరికి! ఏదన్నా తాడు తే!"

తాడెక్కడుంది? దాని చున్నీ అందుకుని మీడియం దారి మీద ఉరికాను. మూడు వారాలు కోచ్‌గా ఉన్నాను గానీ ఆ దారిన నేను ఎప్పుడూ ఉరకలేదు. కలేముళ్లు మోచేతులు గీరుతున్నాయి. కింద అది కనిపిస్తోంది. గుండు మీద నుంచి గుండు మీదికి, కాలు ఆనిందో లేదో అన్నట్టు. దాని వెనకాల మడుగు పొర్లింది. ముందు నాలుకంత నీరు ఆకుల్ని తోసుకుంటూ వచ్చింది. దాని వెనక వస్తున్నది చూడలేదు, విన్నాను. నిండు లోడు లారీ గేరు తగ్గించి ఘాటు రోడ్డు ఎక్కుతున్నట్టు ఒక మోత, ఆగకుండా.

బావ రాతి అరుగుకి దిగువన, నడుంలోతు గుంటలో నిలబడి ఉన్నాడు. అరుగు ఎక్కబోయి నాలుగుసార్లు జారాడట. పిల్ల అరుగు మీద నుంచి ఆయన పక్కకి దూకింది. నీళ్లు దాని వెనకే అరుగు దిగాయి.

ఆయన వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు. అది చొక్కా పట్టుకుని ఆపింది.

"వెనక్కొద్దు నాన్నా! నీళ్లకంటే ముందు నువ్వురకలేవు."

"నాకు ఈత రాదే తల్లీ!"

"ఈత అక్కర్లేదు. ఈ గుండు ఎక్కు."

అరుగు పక్కనే ఏనుగంత గుండు ఒకటి ఉంది. దాని మీదికెక్కితే నేనున్న అంచుకి ఇంకో మనిషిన్నర ఎత్తు. నేను లుంగీ విప్పి చున్నీకి ముడేశాను. గోడలో మొలిచిన రావి వేరుకి కాలు మెలేసి, బోర్లా పడుకుని గుడ్డ కిందికి వదిలాను.

బావ గుండు మీద సగం ఎక్కాడు. అక్కడ ఆగిపోయాడు. రాతికి చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఎక్కు నాన్నా!"

పలకలేదు.

"బావా! ఎక్కు బావా!"

పిల్ల కింద నుంచి భుజంతో తోస్తోంది. ఆయన బల్లిలా అంటుకుపోయాడు. నీళ్లు దాని నడుం దాటాయి. ఒక మొద్దు కొట్టుకొచ్చి దాని పక్కనే గుండుకి తగిలి విరిగింది. ఇద్దరూ పోతారు అనుకున్నాను. మా అక్కకి ఏం చెప్పాలో కూడా మనసులో మొదలైంది.

అప్పుడు పిల్ల అరచేత్తో గుండు మీద దబదబా చరిచింది. బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు బాడీ మీద చరిచినట్టు. గొంతు మార్చి, అచ్చం కండక్టరు సాగదీసినట్టు అరిచింది.

"రానీ... రానీ... రానీ..."

బావ చెయ్యి కదిలింది.

"రానీ... రానీ... ఎడంకి కొయ్యి! ఎడంకి, ఎడంకి... ఆఁ, రానీ..."

ఆయన కళ్లు తెరవలేదు. ఎడమ కాలు పైకి లేచి ఒక నెర్రెలో ఆనింది. ఇరవై ఏళ్లుగా రోజుకి పదిసార్లు వెనక ఏముందో చూడకుండా ఆ మాట మీద బస్సు తీసిన మనిషి. ఒళ్లు దానంతటది విన్నది.

"కొంచెం కుడి... చాలు! రానీ... రానీ... హోల్డాన్!"

ఆయన గుండు మీద ఉన్నాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు. నన్ను చూసి ఏమన్నాడో ఇక్కడ రాయను. గుడ్డ రెండు చేతులా చుట్టుకున్నాడు. నేను యార్డులో టిక్కీలు మోయించినవాణ్ణే గానీ మోసినవాణ్ణి కాదు. కాలికి మెలేసిన వేరు లేకపోతే నేనూ కిందికే పోయేవాణ్ణి. ఆయన గోడకి కాళ్లు తన్నిపెట్టి, నేను పళ్లు కొరుక్కుని, ఎలాగో అంచు మీద పడ్డాడు.

పిల్ల గుండు ఎక్కేసరికి నీళ్లు గుండు మెడ దాకా వచ్చాయి. అది గుడ్డ పట్టుకుని రెండడుగులు గోడ ఎక్కింది. లుంగీ పర్రుమంది. సగం నా చేతిలో, సగం దాని చేతిలో. వెనక్కి ఒరిగిపోతున్న దాని మణికట్టుని బావ అందుకున్నాడు. పక్కన నేనున్నానని కూడా ఆయనకి గుర్తు లేదు. ఒక్క చేత్తో స్టీరింగు తిప్పినట్టు తిప్పి దాన్ని పైన పడేశాడు.

నీళ్లు తగ్గేదాకా ఆ అంచు మీదే కూర్చున్నాం. నేను డ్రాయరు మీద. కింద గుండ్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే మేం కూర్చున్న రాయి అదురుతోంది. ఏనుగంత గుండు కనిపించడం లేదు. పిల్ల మడమ చీలి నెత్తురు కారుతోంది. బావ చొక్కా చెయ్యి చింపి కట్టు కట్టాడు.

"ఒంగోలు ఏ రోజన్నావు?"

"గురువారం నాన్నా."

"మొదటి బస్సు నాదే. ఎక్కు."

ఎక్కింది. కానీ మడమ మానలేదు. గ్రౌండులో ఆఖరి రౌండు కుంటుతూ పూర్తి చేసింది, టైము చాలలేదు. ఇంకో నోటిఫికేషన్ పడడానికి రెండేళ్లు పట్టింది. అప్పుడు గెలిచింది. ఆ రెండేళ్లూ అది పక్కూరి చేలల్లో మిరపకాయలు కోసింది, ఇల్లిల్లూ తిరిగి పిల్లలకి ట్యూషన్లు చెప్పింది.

ఇక ఒప్పుకోవాల్సింది. కర్పూరం ఆర్పాక కూడా కల్పించిన చోటు ఒకటుంది. నీడ వెనకపడడం దగ్గర కాదు. మీరు అనుమానించకుండా దాటిపోయిన చోట.

మా బావ ఆ రాయి చదవలేదు. ఇసుకలో బీడీ కాలుస్తూ నన్నడిగాడు. "ఒరేయ్, మూడింట్లో ఏది సుఖంగా ఉంటదిరా?" బావాబామ్మర్దుల సరసం కదా అని నేనే అన్నాను. "డీలక్స్‌లో పో బావా. హాయిగా ఉంటది, పాటలొక్కటే తక్కువ." పది అడుగులేసి తిట్టుకుంటూ వెనక్కొస్తాడనుకున్నాను. ఆయన రాలేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

గండిలోంచి ఆయన అరిచింది "రాశావు కదరా" అని కాదు. "చెప్పావు కదరా" అని. పిల్ల విన్నది.

అంతకుముందు మడుగు దగ్గర, నీళ్లు రంగు మారాక, నాన్న ఏ దారిన వస్తున్నాడని అది అడిగినప్పుడు నాకు తెలుసు. తిడుతుందని నోరు రాలేదు. తాలు దారిలో చూడమన్నాను. లేడని వస్తే ఇంకో మలుపు చూడమన్నాను. ఆ రెండు మలుపుల సమయం ఉంటే అది నీళ్లకంటే ముందే దిగి, ఆయన్ని నడిపించుకుంటూ వచ్చేది. మడమ చీలేది కాదు.

బావ మాత్రం ఊళ్లో అందరికీ రాతి మీది బోర్డు చూసి పొరబడ్డానని చెప్పాడు. ఇప్పటికీ అదే చెబుతాడు. ఎందుకలా చెబుతున్నావని నేను అడగలేదు. పిల్ల ఇప్పుడు ఖాకీ బట్టల్లో ఎంతమందినో అడుగుతుంది, ఎక్కడున్నావు, ఏం చేశావు, ఎవరు చెప్పారని. నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడగకుండానే రాసిచ్చేశాను.